వీధి వైపు పెట్టిన దీపం

గదిలో ఇంకా దీపం వెలిగించలేదు. బయట అప్పుడే పొద్దు వాలుతోంది. 1931 డిసెంబర్, శుక్రవారం, మధ్యాహ్నం మూడు దాటింది. జర్మనీకి ఉత్తరపు కొసన, బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉన్న కీల్ రేవు పట్టణంలో ఉన్నాం. ఈ నెలలో ఇక్కడ సూర్యుడు నాలుగింటికల్లా అస్తమిస్తాడు. మన పిల్లలు బడి నుంచి ఇల్లు చేరే వేళకి ఇక్కడ చీకటి పడిపోతుంది.

ఇది రబ్బీ అకీవా పోస్నర్ ఇల్లు. రబ్బీ అంటే యూదుల మతగురువు. పెళ్లికీ చావుకీ ముందు నిలబడేది ఆయనే, ధర్మసందేహం వస్తే తీర్చేదీ ఆయనే. పోస్నర్ హాలే విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నవాడు. 1924 నుంచి ఈ ఊరి యూదులకి ఆయనే పెద్ద దిక్కు. ఊళ్ళో యూదులు ఎంతోమంది లేరు, అటూ ఇటూగా అయిదు వందల మంది. గోథే వీధిలో వాళ్ళకో ప్రార్థనామందిరం ఉంది, 1910లో కట్టుకున్నది.

కిటికీ దగ్గరికి రండి. మరీ దగ్గరికి వద్దు, రెండడుగులు ఇవతలే ఆగండి. కిటికీ గట్టు మీద ఒక దీపపు సెమ్మె ఉంది. హనుక్కా పండుగకి వాడే మెనోరా అది. ఒకే వరసలో ఎనిమిది దీపాలకి చోటు, వాటితో కలవకుండా విడిగా తొమ్మిదో దానికి చోటు. మనం లోపలి నుంచి చూస్తున్నాం, వెలుతురేమో దాని వెనక నుంచి వస్తోంది. అందుకని దాని కొమ్మలు నల్లగా, స్పష్టంగా, ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేలా కనిపిస్తున్నాయి. ఇప్పుడు చూపు గాజు దాటనివ్వండి. రోడ్డు. రోడ్డుకి అవతల పెద్ద భవనం. దాని మీద వేలాడుతున్న నాజీ జెండా. ఎర్రటి గుడ్డ, తెల్లటి గుండ్రం, దాని నడుమ నల్లటి స్వస్తిక. మన శుభలేఖల మీద శుభం పలికే గుర్తునే ఇక్కడ ఒక జాతి నోరు నొక్కడానికి ఎత్తారు.

దీపానికీ జెండాకీ మధ్య ఉన్నది ఒక గాజు పలక, ఒక వీధి. అంతే.

రాహెల్ పోస్నర్ చేతిలో కెమెరా ఉంది. ఆవిడ రబ్బీ భార్య. శుక్రవారం సాయంత్రం యూదుల ఇంట్లో ఇల్లాలికి ఊపిరి సలపదు. సూర్యాస్తమయంతో వారపు విశ్రాంతి దినం సబ్బాతు వస్తుంది. మర్నాడు రాత్రి చుక్కలు పొడిచేదాకా నిప్పు రాజెయ్యకూడదు, కలం పట్టకూడదు, కొనకూడదు, అమ్మకూడదు. వంటంతా ముందే అయిపోవాలి. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, జడలా అల్లి కాల్చిన రొట్టెలు రెండు పెట్టి, వాటి మీద గుడ్డ కప్పాలి. హనుక్కాలో శుక్రవారం వచ్చిందంటే పని రెట్టింపు. మిగిలిన రోజుల్లో హనుక్కా దీపాలు పొద్దుగూకాక తీరిగ్గా వెలిగించుకోవచ్చు. శుక్రవారం అలా కుదరదు. ముందు హనుక్కా దీపాలు, ఆ వెంటనే సబ్బాతు దీపాలు, రెండూ పొద్దుండగానే అయిపోవాలి. చీకటి పడ్డాక కూడా కనీసం అరగంట అవి వెలుగుతూ ఉండాలి. కాబట్టి నూనె ఎక్కువ పొయ్యాలి, కొవ్వొత్తులైతే పొడుగువి ఏరి పెట్టాలి.

ఇంత పని మధ్యలో ఆవిడ కెమెరా తీసింది. ఎందుకిప్పుడే? సబ్బాతు మొదలైతే ఇక కెమెరా ముట్టుకోకూడదు. రేపు రాత్రి దాకా ఆగితే వీధంతా చీకటి, జెండా ఫోటోలో పడదు. దీపం, జెండా రెండూ ఒకే చట్రంలోకి రావాలంటే ఉన్నది ఈ కాస్త వెలుతురే. పక్కకి జరిగి ఆవిడ పని ఆవిణ్ణి చేసుకోనిద్దాం.

ఈలోగా ఆ జెండా సంగతి చూద్దాం. ఈ సంవత్సరం గుర్తుంచుకోవాలి: 1931. హిట్లర్ ఇంకా గద్దెనెక్కలేదు. జర్మనీ ఇంకా ప్రజాస్వామ్య దేశమే. కోర్టులున్నాయి, పత్రికలున్నాయి, వీధి మలుపులో పోలీసూ ఉన్నాడు. కానీ పని లేనివాళ్ళు యాభై లక్షలు దాటారు. నిరుడు సెప్టెంబర్ ఎన్నికల్లో నాజీలకి పార్లమెంటులో 107 స్థానాలు వచ్చాయి. ఇదే కీల్‌లో 1918లో నావికులు ఎదురుతిరిగితే ఆ నిప్పు దేశమంతా అంటుకుని చక్రవర్తి సింహాసనం కూలింది. పదమూడేళ్ళు తిరిగాయో లేదో, అదే ఊళ్ళో రబ్బీ ఇంటి ఎదుట ఈ జెండా ఎగురుతోంది. కీడు ఎప్పుడూ ఇలాగే, చట్టం ఇంకా బతికుండగానే వచ్చి ఎదురింట్లో దిగుతుంది.

యూదులకి ప్రవేశం లేదంటూ ఊళ్ళో పోస్టర్లు వెలిశాయి. రబ్బీ పోస్నర్ ఊరుకోలేదు. అది అన్యాయమని స్థానిక పత్రికకి ఉత్తరం రాస్తే అచ్చయింది. నాజీ పార్టీ స్థానిక నాయకుడు ఆయన్ని బహిరంగ చర్చకి పిలిచాడు. ఎవరైనా ఏదో సాకు చెప్పి తప్పుకునేవారు, తప్పుకున్నా తప్పు పట్టేవాళ్ళు లేరు. ఆయన వెళ్ళాడు. సభ చుట్టూ భారీ పోలీసు కాపలా పెట్టాల్సివచ్చింది. మర్యాదగా చదువుకున్న ఒక మతగురువు, తన జాతే ఉండకూడదనే పార్టీ మనిషి ఎదుట నిలబడి వాదన వినిపించిన ఆ సభ గురించి ఊరి పత్రికలు రాశాయి.

ఇక పండుగ సంగతి. క్రీస్తుకి పూర్వం రెండో శతాబ్దంలో సిరియా నుంచి ఏలిన గ్రీకు రాజు నాలుగో అంతియొకస్ యెరూషలేము దేవాలయాన్ని అపవిత్రం చేశాడు. సున్తీ చెయ్యకూడదన్నాడు, సబ్బాతు పాటించకూడదన్నాడు. మొదీన్ అనే పల్లెలో మత్తతీయ అనే ముసలి యాజకుడు, ఆయన అయిదుగురు కొడుకులు తిరగబడ్డారు. కొడుకుల్లో యూదా మక్కబీ సైన్యాన్ని నడిపించి, క్రీస్తుపూర్వం 164లో దేవాలయాన్ని తిరిగి దక్కించుకుని శుద్ధి చేశాడు. దేవాలయంలో దీపం పెట్టబోతే ప్రధాన యాజకుడి ముద్ర చెదరని నూనె బుడ్డి ఒక్కటే దొరికిందట. ఒక్క రోజుకి సరిపోయే నూనె. అది ఎనిమిది రోజులు వెలిగిందని యూదుల ధర్మగ్రంథం తల్మూద్ చెబుతుంది. అందుకే ఎనిమిది రాత్రుల పండుగ. మొదటి రాత్రి ఒకటి, రెండో రాత్రి రెండు, అలా పెంచుకుంటూ ఎనిమిది దాకా పోవాలి. తొలిరోజే ఎనిమిదీ వెలిగించి రోజుకొకటి తగ్గిద్దామని షమ్మాయి వర్గం పండితులు వాదించారు. వద్దు, వెలుగు పెరగాలేగాని తగ్గకూడదని హిల్లేలు వర్గం అంది. హిల్లేలు మాటే నిలిచింది. ఈ దీపాల వెలుతురులో చదువుకోకూడదు, కుట్టుకోకూడదు, దేన్నీ వెతుక్కోకూడదు. వాటిని చూడాలి, అంతే. అందుకే తొమ్మిదో దీపం షమాష్, అంటే సేవకుడు, విడిగా ఉంటుంది. దానితోనే మిగిలినవి వెలిగిస్తారు, గదిలో వెలుతురు కావాలంటే దాని లెక్కలోకి వస్తుంది.

తిథుల లెక్క తెలిసినవాళ్ళకి ఇంకో సంగతి పట్టుబడుతుంది. యూదుల నెలలు కూడా మనలాగే చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి. హనుక్కా కిస్లేవ్ నెల ఇరవై అయిదో నాడు, అంటే బహుళ పక్షం చివర్లో మొదలై, అమావాస్య దాటాక ముగుస్తుంది. చలికాలంలో, చంద్రుడు మొహం చాటేసిన రాత్రుల్లో. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదులున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే ఆ కుటుంబాలు కూడా యూదుల క్యాలెండర్‌నే పాటిస్తాయి. ఆ ఏడు, 1931లో, తొలి దీపం డిసెంబర్ 4 శుక్రవారం సాయంత్రం వెలిగింది, ఎనిమిదోది 11వ తేదీ శుక్రవారం. కీల్‌లో అటూ ఇటూ రెండు శుక్రవారాల మధ్య పండుగ.

మళ్ళీ కిటికీ దగ్గరికి వద్దాం. ఈ దీపం ఇక్కడే ఎందుకుంది? గదిలో బల్ల ఉంది, అలమారా ఉంది, లోపల వేరే గదులున్నాయి. ఎదురుగా ఆ జెండా పెట్టుకుని కిటికీలోనే ఎందుకు?

నియమం అది. హనుక్కా దీపం పెట్టేది మనం చూసుకోవడానికి కాదు, జరిగిన అద్భుతాన్ని దారిన పోయేవాళ్ళకి చాటడానికి. అందుకని వీధి గుమ్మం బయట పెట్టాలంటారు. మేడ మీద ఉండేవాళ్ళు వీధి వైపు కిటికీలో పెట్టాలి. దీపం మొహం బయటికే ఉండాలి. అయితే ఆ నియమం పక్కనే తల్మూద్ పండితులు ఇంకో మాట చేర్చారు: ప్రమాదం ఉన్న రోజుల్లో ఇంట్లో బల్ల మీద పెట్టుకుంటే చాలు. ఈ రెండో మాటని నేను చాలాసార్లు తలుచుకుంటాను. ఎంత అనుభవించి ఉంటే ఆ మాట రాసిపెట్టుకున్నారు! పండుగ విధిలోనే ప్రమాదానికి చోటిచ్చారు. దాక్కుని వెలిగించినవాణ్ణి పిరికివాడనలేదు, వాడి దీపమూ దీపమే అన్నారు. నువ్వు బతికుండి వెలిగించు, మిగిలింది తరవాత చూసుకుందాం అన్నట్టుంటుంది ఆ వాక్యం.

కాబట్టి ఈ మధ్యాహ్నం పోస్నర్ దంపతుల ముందు రెండు దారులున్నాయి, రెండూ ధర్మసమ్మతమే. కిటికీ, లేదా బల్ల. ఊళ్ళో అందరికీ తెలిసిన రబ్బీ ఇల్లు, నాజీలకి ఎదురు మాట్లాడే మనిషి ఇల్లు. దీపాన్ని బల్ల మీదికి మార్చినా ఎవరూ ఏమీ అనరు. వాళ్ళు కిటికీలోనే ఉంచారు.

రాహెల్ మీట నొక్కింది.

ఆ ఫోటో ఇప్పుడు ప్రపంచమంతా చూసింది. ఒక్క మనిషి కూడా కనిపించడు అందులో. ముందు వైపు నల్లగా మెనోరా, దూరాన వెలుతురులో జెండా. చూసే కన్ను ఇంట్లో ఉంది, దీపం వైపు ఉంది. అదే వీధిలో నిలబడి తీసి ఉంటే జెండా నీడన ఒక కిటికీ అయ్యేది. ఇంట్లోంచి తీసింది కాబట్టి దీపం పెద్దదైంది, జెండా దాని కొమ్మల వెనక చిన్నదైంది. ఒక ఇల్లాలు పండుగ పనుల మధ్య తీసిన ఫోటోలో ఇంత స్థిరత్వం చూసి నాకు చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇక ఆలస్యం చెయ్యకూడదు. షమాష్ వెలిగిస్తారు. స్తుతులు చదువుతారు: దీపం పెట్టమని ఆజ్ఞ ఇచ్చినందుకు ఒకటి, ఆ కాలంలో ఇదే రుతువులో పితరులకి అద్భుతాలు చేసినందుకు ఇంకొకటి. తొలిరాత్రి అయితే మూడో స్తుతి కూడా ఉంటుంది, ఇన్నాళ్ళూ మమ్మల్ని బతికించి ఈ ఘడియ దాకా చేర్చినందుకు. దీపాలు కుడి నుంచి ఎడమకి పేరుస్తూ వస్తారు, వెలిగించేటప్పుడు మాత్రం ఆ రోజు కొత్తగా చేరిన దీపంతో మొదలుపెడతారు. హనుక్కా దీపాలయ్యాక సబ్బాతు దీపాలు. తరవాత ఇంట్లో నూనెలో వేయించిన బంగాళాదుంప అట్లు, పాటలు, పిల్లల అల్లరి. బయట చీకటి చిక్కబడింది. ఇప్పుడు వీధిలోంచి చూసేవాడికి జెండా కనిపించదు, కిటికీ కనిపిస్తుంది.

ఫోటో కడిగించాక దాని వెనక రాహెల్ జర్మన్‌లో రెండు చిన్న పాదాలు రాసింది. పైన హనుక్కా 5692 అని యూదుల సంవత్సరం వేసింది. జెండా యూదుజాతికి చావు కోరుతోందనీ, దానికి దీపమే జవాబిస్తోందనీ, యూదుజాతికి చావు లేదని ఆ జవాబనీ ఆ రెండు పాదాల సారాంశం. ఇది 1945 తరవాత, గండం గడిచాక రాసుకున్న మాట కాదు. ఎవరు ఉంటారో ఎవరు పోతారో ఇంకా తేలకముందు, ఎదుట జెండా రెపరెపలాడుతుండగానే ఆవిడ రాసింది.

కాలం అక్కణ్ణించి పరుగెత్తింది. 1932 జులై ఎన్నికల్లో కీల్ ఉన్న ష్లెస్విగ్-హోల్‌స్టైన్ ప్రాంతంలో సగానికి పైగా ఓట్లు నాజీలకి పడ్డాయి. దేశంలో ఇంకెక్కడా వాళ్ళకి అంత రాలేదు. అంటే ఆ జెండా ఎక్కడినుంచో వచ్చి పడింది కాదు, ఇరుగుపొరుగు ఓట్లేసి తెచ్చుకున్నది. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. మార్చి 12 తెల్లవారకముందే కీల్‌లో యూదు న్యాయవాది విల్‌హెల్మ్ స్పీగెల్‌ని ఇంట్లోనే కాల్చి చంపారు. ఏప్రిల్ 1న యూదుల దుకాణాలని బహిష్కరించమని దేశమంతా పిలుపునిచ్చినరోజు, ఇదే ఊళ్ళో ఫ్రీడ్రిచ్ షుమ్ అనే ఇంకో యూదు న్యాయవాదిని పోలీసు లాకప్‌లోనే గుంపు చంపేసింది. కోర్టులున్నాయి, పోలీసులున్నారు అనుకున్న ఊరు ఇదే. కిటికీలో దీపం వెలిగి అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు.

మీరు వెళ్ళిపోండి అని రబ్బీని బతిమాలింది ఆయన సమాజమే. 1933లో కీల్ రైల్వే స్టేషన్. ప్లాట్‌ఫారం మీద పోస్నర్, రాహెల్, ముగ్గురు పిల్లలు. సాగనంపడానికి జనం వచ్చారు. గురువు ఊరు విడిచిపోతుంటే మిగిలినవాళ్ళ గుండె ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. రైలెక్కే ముందు ఆయన వాళ్ళకి చెప్పిన మాట ఒకటే: ఇంకా సమయం ఉంది, మీరూ బయలుదేరండి. ఆ మాట ఆయన అప్పటికే చాలాకాలంగా చెబుతున్నాడు. ఈ దారి మీకూ మాకూ మంచిది కాదని జర్మన్లకీ, ఏదో ఘోరం రాబోతోంది, కదలండని యూదులకీ.

పెట్టెలో మెనోరా ఉంది, ఫోటో ఉంది.

నాకు ఈ కథలో ఫోటో కంటే పెద్దది ఈ ప్లాట్‌ఫారం. ధైర్యవంతుడు నిలబడతాడు, పిరికివాడు పారిపోతాడు అని మనకి చిన్నప్పటి నుంచి నూరిపోశారు. కిటికీలో దీపం పెట్టిన మనిషే పెట్టె సర్దుకున్నాడు, పదిమందినీ సర్దుకోమన్నాడు. రెండిటికీ ఒకే గుండె కావాలి. పుట్టిపెరిగిన భాషని, సమాధుల్లో పడుకున్న పెద్దల్ని, కొనుక్కున్న ఇంటిని వదిలి, ఎరగని ఎండదేశానికి పిల్లల చెయ్యి పట్టుకుని పోవడానికి ఆశ ఉండాలి. బహుశా అక్కడే ఉండిపోవడానికి కావలసినదానికంటే ఎక్కువే ఉండాలి. అంతా సర్దుకుంటుందిలే అని కూర్చోవడాన్ని చాలామంది ఆశ అనుకున్నారు. చాలామంది ప్రాణాలు అందులోనే పోయాయి.

పోస్నర్ కుటుంబం 1934లో పాలస్తీనా చేరింది. ఆయన మాట విని కీల్ యూదుల్లో చాలామంది పాలస్తీనాకి, అమెరికాకి తరలిపోయారు. అందరూ కదలలేకపోయారు. వీసాలు దొరకనివాళ్ళున్నారు, ముసలి తల్లిదండ్రుల్ని వదల్లేనివాళ్ళున్నారు, దగ్గర దేశానికి పారిపోతే అక్కడికీ జర్మన్ సైన్యం వచ్చిపడినవాళ్ళున్నారు. 1938 నవంబర్‌లో గోథే వీధి ప్రార్థనామందిరానికి నిప్పు పెట్టారు. ఇప్పుడు కీల్ పేవ్‌మెంట్ల మీద నడిస్తే అక్కడక్కడ రాళ్ళ మధ్య చిన్న ఇత్తడి పలకలు తగులుతాయి. పక్కనున్న ఇంట్లోంచి పట్టుకుపోయిన మనిషి పేరు, పుట్టిన ఏడు, చంపిన చోటు వాటి మీద చెక్కి ఉంటాయి. చదవాలంటే వంగాలి.

కీల్ నుంచి దక్షిణంగా సుమారు రెండు వందల కిలోమీటర్లు వెళ్దాం. బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరం, 1943 డిసెంబర్, హనుక్కా తొలిరాత్రి. ఇక్కడ కిటికీ గట్టు ప్రసక్తే లేదు. తల్మూద్ చెప్పిన బల్ల కూడా లేదు. బ్లుజోవ్ రబ్బీగా పేరున్న ఇజ్రాయెల్ స్పీరా ఇక్కడ ఖైదీ. ఆయన నోట విన్న ఆ రాత్రి జ్ఞాపకాన్ని చరిత్రకారిణి యాఫా ఎలియాక్ తన పుస్తకంలో చేర్చారు.

ఒక ఖైదీ కాలి చెక్క చెప్పు ప్రమిద అయింది. ఖైదు బట్టల్లోంచి లాగిన పోగులు ఒత్తి అయ్యాయి. నూనె లేదు, బూట్లకి రాసే నల్ల పాలిష్ ఉంది. అది కమురు కంపు కొడుతూ కాలింది. ఆ పగలే శిబిరంలో మనుషుల్ని చంపారు, శవాలు ఇంకా కళ్ళ ముందే ఉన్నాయి. బారకాసులో ఎముకల గూళ్ళలా ఉన్న మనుషులు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ చుట్టూ మూగారు. రబ్బీ మొదటి స్తుతి చదివాడు. రెండోది చదివాడు. మూడో స్తుతి దగ్గర ఆగిపోయాడు. బతికించి ఈ ఘడియ దాకా చేర్చినందుకు అని చెప్పాలి అక్కడ. తల తిప్పి చుట్టూ చూశాడు. కాసేపటికి మళ్ళీ దీపం వైపు తిరిగి, గట్టి గొంతుతో ఆ మూడోదీ చదివాడు.

తరవాత ఒక ఖైదీ ఆయన్ని నిలదీశాడు. మత విశ్వాసం లేని సోషలిస్టు అతను. దీపం పెట్టడం నాకు అర్థమవుతుంది, మొదటి రెండు స్తుతులూ అర్థమవుతాయి, కానీ శవాల పక్కన నిలబడి మమ్మల్ని బతికించావని ఎలా అనగలిగారు అని. రబ్బీ ఆ ప్రశ్నని తోసిపుచ్చలేదు. నాకూ అదే అనుమానం వచ్చి ఆగాను అన్నాడు. చుట్టూ చూస్తే, ప్రతి మూలనుంచీ చావు తొంగిచూస్తుంటే కూడా ఇంతమంది కళ్ళలో ప్రాణం పెట్టుకుని ఆ మాటల కోసం ఎదురుచూస్తూ కనిపించారట. ఇలాంటి మనుషుల్ని చూసే భాగ్యం కలిగినందుకైనా ఆ స్తుతి చదివి తీరాలనిపించింది అన్నాడు. ఆ ఖైదీ ప్రశ్న లేకపోతే ఈ జవాబు మనదాకా వచ్చేది కాదు. అందుకని నాకు ఆ నమ్మకం లేని మనిషి మీద కూడా అంతే గౌరవం.

ఆ మారణకాండలో అరవై లక్షల మంది యూదులు పోయారు. బల్ల మీద పెట్టినవాళ్ళూ పోయారు, కిటికీలో పెట్టినవాళ్ళూ పోయారు. దీపం వాళ్ళని కాపాడిందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. వీసా కాపాడింది, రైలు టికెట్టు కాపాడింది, తలుపు తీసిన పొరుగువాళ్ళు కాపాడారు. దీపం చేసిన పని వేరు. మమ్మల్ని ఏం చెయ్యాలో మీరు తేల్చుకోవచ్చుగాని, మేమెవరమో మీరు తేల్చలేరు అనే మాటని అది నిలబెట్టింది.

2022 డిసెంబర్, బెర్లిన్. జర్మనీ అధ్యక్షుడి నివాసమైన బెల్‌వ్యూ భవనం. అధ్యక్షుడు ఫ్రాంక్-వాల్టర్ స్టైన్‌మయర్ పక్కన పోస్నర్ మనవలు నిలబడ్డారు. వాళ్ళ ముందు అదే మెనోరా. తొంభై ఏళ్ళ కిందట పెట్టెలో పడి వెళ్ళిపోయిన దీపం జర్మన్ గడ్డ మీద మళ్ళీ వెలిగింది. ఎదుట జెండా లేదు. ఆ దేశానికి అధ్యక్షుడే ఆ వెలుగులో నిలబడ్డాడు.

ఇక్కడితో ఆపేస్తే బావుండేది, కానీ కథ అంత సుఖంగా లేదు. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో దాదాపు పన్నెండు వందల మంది చనిపోయారు, రెండు వందల యాభై మందికి పైగా బందీలయ్యారు. ఆ వెంట మొదలైన యుద్ధంలో గాజాలో వేలకు వేల మంది, పిల్లలతో సహా, చనిపోయారు. ఒక దుఃఖాన్ని చూపించి ఇంకో దుఃఖాన్ని కొట్టెయ్యలేం. అక్టోబర్ 18న బెర్లిన్‌లో ఒక యూదు ప్రార్థనామందిరం మీదికి పెట్రోలు బాంబులు విసిరారు. హమాస్ దాడి జరిగిన సరిగ్గా రెండు నెలలకి, డిసెంబర్ 7న, హనుక్కా వచ్చింది. బ్రాండెన్‌బుర్గ్ గేటు ముందు నిలబెట్టిన భారీ మెనోరాకి తొలి దీపం అప్పటి ఛాన్సలర్ ఓలాఫ్ షోల్జ్ వెలిగించారు. అది జరగవలసిందే. కానీ పోలీసు వలయం మధ్య వెలిగే పెద్ద దీపం ఒక ఎత్తు, నాలుగో అంతస్తులో పిల్లలున్న ఇంటి కిటికీ ఇంకో ఎత్తు. యూరప్‌లో ఎన్నో ఇళ్ళలో ఆ సాయంత్రం మళ్ళీ అదే పాత ప్రశ్న: కిటికీలోనా, బల్ల మీదా? బల్ల మీద పెట్టుకున్నవాళ్ళని ఎవరూ తక్కువ చేసి మాట్లాడకూడదు. వాళ్ళని ఆ బల్ల దగ్గరికి నెట్టినవాళ్ళని అడగాలి. ఆ వీధిలో ఉండే మిగతా మనల్ని అడగాలి.

కీల్ మెనోరా ఇప్పుడు యెరూషలేములో, ఆ మారణకాండ స్మారకమైన యాద్ వాషెమ్ మ్యూజియంలో ఉంటుంది. 2005లో కొత్త మ్యూజియం తెరవడానికి ముందు వస్తువులు సేకరిస్తున్నప్పుడు కుటుంబం దాన్ని ఇచ్చింది, ఒక షరతు మీద. ఏటా హనుక్కాకి అది ఇంటికి రావాలి. మ్యూజియంలోకి చేరిన వస్తువుని చేతి తొడుగులు లేకుండా ముట్టుకోనివ్వరు, నిప్పు దగ్గరికి రానివ్వరు. దీనికి మాత్రం ఆ ఎనిమిది రోజులూ సెలవు. అద్దాల పెట్టెలోంచి తీసి, చుట్టబెట్టి, బేత్ షెమెష్ ఊళ్ళో రాహెల్ మనవడి ఇంటికి చేరుస్తారు. అక్కడ దాని చుట్టూ పిల్లలు మూగుతారు, షమాష్ ఎవరు పట్టుకోవాలో తేల్చుకుంటారు, నూనె అట్లు తిన్న చేతులతోనే ముట్టుకుంటారు. పండుగ అయిపోయాక తుడిచి, మళ్ళీ చుట్టబెట్టి, మ్యూజియం వాళ్ళకి అప్పజెబుతారు. వచ్చే కిస్లేవ్‌కి మళ్ళీ అడిగి తెచ్చుకుంటారు.